సంతకం గడప దాకా రావాలంటే

నైజీరియా రాజధాని అబుజాలో చీకటి పడ్డాక ఆడమనిషి ఒంటరిగా రోడ్డు మీద కనిపిస్తే చాలు, ఆమె ఎలాంటిదో అక్కడికక్కడే తేల్చేసే రోజులు ఉండేవి. తేల్చేది ఇరుగుపొరుగు కాదు, ప్రభుత్వ సిబ్బందే. నగర పర్యావరణ పరిరక్షణ బోర్డు మనుషులు, వాళ్లకు తోడు పోలీసులు, సైనికులు బళ్లేసుకుని తిరుగుతూ వీధుల్లో కనిపించిన స్త్రీలను పట్టుకుని ఎక్కించేవాళ్లు. వ్యభిచారిణి అని ముద్ర వేసేవాళ్లు. 2011 జనవరి నుంచి 2013 మార్చి మధ్య వేర్వేరు రాత్రుల్లో ఇలా తిట్లు, దెబ్బలు, లైంగిక వేధింపులు, నిర్బంధం అనుభవించిన నలుగురు స్త్రీలు చివరికి కోర్టుకెక్కారు. వాళ్లలో ఒకరు సినీనటి డొరొతీ న్జెమాంజే.

వాళ్లు వెళ్లింది నైజీరియా కోర్టుకు కాదు. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్‌కు సొంతంగా ఒక కోర్టు ఉంది. అది కూడా అబుజాలోనే ఉంది. అక్కడ ఇంకో వెసులుబాటు: సొంత దేశంలో కింది కోర్టు నుంచి పై కోర్టు దాకా అన్ని మెట్లూ ఎక్కి రావాలన్న నిబంధన లేదు, నేరుగా తలుపు తట్టవచ్చు. 2017 అక్టోబర్ 12న ఆ కోర్టు నైజీరియా ప్రభుత్వాన్ని తప్పుబట్టింది. రాత్రిపూట రోడ్డు మీద ఉండటం ఏ నేరానికీ సాక్ష్యం కాదని, మగవాళ్లను అలా పట్టుకోనప్పుడు ఆడవాళ్లను మాత్రమే పట్టుకోవడం వివక్షేనని తేల్చింది. నలుగురిలో ముగ్గురికి తలా 60 లక్షల నైరాలు చెల్లించమంది. ఆ తీర్పుకు ఆధారమైన పత్రాల్లో ఒకటి మపుటో ప్రోటోకాల్. ఒక దేశం దాన్ని ఉల్లంఘించిందని అంతర్జాతీయ కోర్టు ఒకటి ప్రకటించడం అదే మొదటిసారి.

అసలు పేరు చాలా పొడుగు. ఆఫ్రికాలో స్త్రీల హక్కుల కోసం ఆఫ్రికా మానవ, ప్రజా హక్కుల చార్టర్‌కు చేర్చిన అనుబంధ ప్రోటోకాల్ అది. మొజాంబిక్ రాజధాని మపుటోలో 2003 జూలై 11న ఆఫ్రికన్ యూనియన్ దేశాధినేతలు ఆమోదించారు కాబట్టి ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. ఒక ఖండమంతా స్త్రీల కోసమే రాసుకున్న చట్టపత్రాల్లో ఇంత వివరంగా ఉన్నది అరుదు. అబుజా తీర్పు చూస్తే ఆ పత్రం బాగా పనిచేస్తోందనిపిస్తుంది. అయితే పత్రం పుట్టిన పద్నాలుగేళ్లకు గాని ఆ మొదటి తీర్పు రాలేదు. ఈ జాప్యం ఎక్కడ జరిగింది, ఎందుకు జరిగింది అన్నదే నిజానికి చెప్పుకోవలసిన కథ.

ముందు పాత చార్టర్ సంగతి. 1981లో నైరోబీలో ఆమోదించిన ఆ చార్టర్ 1986లో అమల్లోకి వచ్చింది. వలసపాలన నుంచి బయటపడిన దేశాలు రాసుకున్నది కాబట్టి వ్యక్తి హక్కులతో పాటు జాతుల హక్కులు, సమాజం పట్ల మనిషి బాధ్యతలు అందులో గట్టిగా ఉన్నాయి. స్త్రీల ఊసు ప్రత్యేకంగా వచ్చేది 18వ అధికరణంలో, అదీ కుటుంబం గురించి చెబుతున్న చోట, పిల్లలతో కలిపి ఒక్క వాక్యంలో. ఆ అధికరణంలోనే పై వాక్యం, సంప్రదాయ విలువలకు కాపలాదారు అయిన కుటుంబానికి ప్రభుత్వం అండగా నిలవాలంటుంది. కింది వాక్యం స్త్రీలపై వివక్షను నిర్మూలించాలంటుంది. సంప్రదాయమే వివక్ష చూపితే ఏది గెలవాలి? చార్టర్ మౌనం.

ఆ మౌనాన్ని పూరించాలని 1995లో టోగో రాజధాని లోమేలో కూర్చున్నది ఆఫ్రికా మహిళా న్యాయవాదులు, హక్కుల కార్యకర్తలు. ఐక్యరాజ్యసమితి 1979లోనే స్త్రీలపై వివక్ష నిర్మూలన ఒప్పందం తెచ్చింది, అప్పటికి ఆఫ్రికా దేశాలు చాలావరకు దాన్ని ఒప్పుకున్నాయి కూడా. అయినా వితంతువు ఇంట్లోంచి సామాను ఎత్తుకుపోయే భర్త తరఫు బంధువుల గురించి, ఆడపిల్ల జననాంగాన్ని కోసే ఆచారం గురించి అందులో పేరుపెట్టి చెప్పింది లేదు. తమ ఊళ్లలో జరిగేదాన్ని తమ మాటల్లో రాసుకోవాలన్నది లోమేలో తీర్మానం. రాతప్రతులు ఎనిమిదేళ్లు తిరిగాయి. పదాలు మారాయి, కొన్ని చోట్ల పదును తగ్గింది, మరికొన్ని చోట్ల ఆశ్చర్యంగా పెరిగింది.

ఆమోదం వేరు, అమలు వేరు. 15 దేశాలు తమ పార్లమెంట్లలో ధ్రువీకరించి పత్రాలు దాఖలు చేస్తే గాని ప్రోటోకాల్‌కు ప్రాణం రాదు. దానికోసం 2004లో మహిళా సంఘాలన్నీ ఒక కూటమి కట్టాయి. వాళ్లు కనిపెట్టిన ఉపాయం ముచ్చటగా ఉంటుంది. ఆఫ్రికన్ యూనియన్ శిఖరాగ్ర సమావేశాలకు వచ్చే దేశాధినేతలకు ఫుట్‌బాల్ రిఫరీల్లా రంగు కార్డులు చూపించారు: సంతకమే పెట్టని దేశానికి ఎరుపు, సంతకం పెట్టి ధ్రువీకరించని దేశానికి పసుపు, రెండూ పూర్తిచేసిన దేశానికి ఆకుపచ్చ. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ఖండంలో ఎర్రకార్డు అర్థం ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. 2005 నవంబర్ 25న ప్రోటోకాల్ అమల్లోకి వచ్చింది. ఆఫ్రికాలో అప్పటిదాకా మానవ హక్కుల పత్రం ఏదీ అంత త్వరగా అమల్లోకి రాలేదు.

ఇప్పుడు అందులో ఏముందో చూద్దాం. మొత్తం 32 అధికరణాలు. పెళ్లికి కనీస వయసు 18, ఇద్దరి ఇష్టం తప్పనిసరి. జననాంగ ఖండనను ఏ రూపంలో ఉన్నా, డాక్టరు చేతుల మీదుగా జరిగినా, నిషేధించాలి. రాజకీయాల్లో సమాన భాగస్వామ్యం, సమాన పనికి సమాన వేతనం, యుద్ధకాలంలో రక్షణ, వృద్ధ స్త్రీలకూ వికలాంగ స్త్రీలకూ విడివిడిగా అధికరణాలు. బహుభార్యాత్వం దగ్గర రాజీ స్పష్టంగా కనిపిస్తుంది. నిషేధించాలని పట్టుబట్టిన వాళ్లున్నారు, అసలు ఎత్తవద్దన్న దేశాలున్నాయి. చివరికి ఏకపత్నీ వివాహాన్ని మేలైన పద్ధతిగా ప్రోత్సహిస్తూనే, బహుభార్యాత్వ కుటుంబాల్లో ఉన్న స్త్రీల హక్కులను కూడా కాపాడాలని రాశారు. కొందరు దీన్ని లొంగుబాటు అన్నారు. నాకైతే అది తెలివైన పని అనిపిస్తుంది. నిషేధిస్తే రెండో భార్య, మూడో భార్య చట్టం కళ్లకు కనిపించకుండా పోతారు, ఇల్లూ పొలమూ పంచుకునే రోజున వాళ్ల పేరు ఎక్కడా ఉండదు.

అందరికంటే శ్రద్ధగా రాసింది వితంతువుల గురించి. ఒక అధికరణం పూర్తిగా వాళ్లదే, వారసత్వం గురించిన అధికరణంలోనూ వాళ్లకు చోటుంది. ఆఫ్రికాలో చాలా చోట్ల భర్త చనిపోగానే అతని తరఫు బంధువులు వచ్చి మంచాలు, గిన్నెలు, పశువులు, చివరికి ఇంటి తాళాలు కూడా పట్టుకుపోవడం ఉంది. కొన్ని సమాజాల్లో వితంతువు భర్త తమ్ముడికో మరో బంధువుకో దక్కాల్సిన ఆస్తి. మరికొన్ని చోట్ల ఆమెకు పట్టిన మైల పోవాలంటే ఒక పరాయి మగవాడితో గడపాలన్న ఆచారం ఉంది, ఎయిడ్స్ వచ్చాక ఆ ఆచారం ప్రాణాంతకమైంది. ప్రోటోకాల్ ఇలా చెబుతుంది: వితంతువును అవమానించే, హింసించే ఏ ఆచారమూ చెల్లదు. భర్త పోయాక పిల్లలకు సంరక్షకురాలు సహజంగా ఆమే. మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు, అదీ తనకు నచ్చినవాణ్ణి. కాపురమున్న ఇంట్లోనే ఉండవచ్చు. భర్త ఆస్తిలో న్యాయమైన వాటా వస్తుంది. సమానమైన వాటా అని మాత్రం రాయలేదు. ఏది న్యాయమో తేల్చే పని దేశాలకు వదిలేశారు, అక్కడే వాదనలు మిగిలాయి.

ఆస్తి సంగతి వచ్చేసరికి తెలుగు పాఠకులకు ఇది పరాయి కథ అనిపించదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చిన మొదటి పెద్ద సవరణ ఆంధ్రప్రదేశ్‌లో, ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో వచ్చింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి అది వర్తించింది, అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకు తప్ప. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. అయినా పసుపు కుంకుమ కింద పెట్టాల్సింది పెట్టేశాం కదా అన్న ఒక్క మాటతో అక్కచెల్లెళ్ల చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకునే ఇళ్లు ఇప్పటికీ ఎన్ని లేవు? మాలి రాజధాని బమాకోలోనైనా భీమవరంలోనైనా చట్టం ఆగిపోయేది ఒకే చోట, ఇంటి లోపల.

ఇక 14వ అధికరణం. అత్యాచారం వల్లనో, వావివరసలు లేని సంబంధం వల్లనో వచ్చిన గర్భం అయినా, తల్లి ప్రాణానికో శారీరక, మానసిక ఆరోగ్యానికో ముప్పు ఉన్నా గర్భస్రావాన్ని అనుమతించాలని అది చెబుతుంది. గర్భస్రావాన్ని హక్కుగా పేరుపెట్టి చెప్పిన మొదటి అంతర్జాతీయ ఒప్పందం ఇదే. ఎక్కువ దేశాలు తడబడ్డది కూడా ఇక్కడే.

తడబడ్డ దేశం ఏం చేస్తుంది? ఒప్పందం మొత్తాన్ని కాదనదు. ఫలానా అధికరణం తప్ప మిగతాది మాకు సమ్మతమే అని ఒక మినహాయింపు రాసి సంతకం పెడుతుంది. ఉగాండా, కెన్యా గర్భస్రావం విషయంలో అలాగే చేశాయి. కెన్యా ఇంకో వాక్యానికి కూడా మినహాయింపు రాసుకుంది. సైనిక ఖర్చు గణనీయంగా తగ్గించి, ఆ డబ్బును సామాజికాభివృద్ధికి, ముఖ్యంగా స్త్రీల కోసం వాడాలని 10వ అధికరణంలో ఒక మాట ఉంది, దానికన్నమాట. ఆడవాళ్ల హక్కుల పత్రంలో తుపాకుల లెక్క ఎందుకని అడిగేవాళ్లుంటారు. యుద్ధాలు నలిపేసిన ఖండంలో ఆ లెక్క అక్కడ కాక ఇంకెక్కడ రాయాలి?

మినహాయింపు శాశ్వతం కాదు, వెనక్కి తీసుకోవచ్చు. రువాండా గర్భస్రావం మీద పెట్టిన మినహాయింపును 2012లో తీసేసింది. కెన్యా తీయలేదు. కానీ 2010 నాటి కొత్త రాజ్యాంగం తల్లి ప్రాణం, ఆరోగ్యం ప్రమాదంలో ఉంటే గర్భస్రావానికి దారి వదిలింది. అత్యాచారానికి గురై, నాటు పద్ధతిలో గర్భం తీయించుకుని 2018లో చనిపోయిన ఒక అమ్మాయి కేసులో కెన్యా హైకోర్టు 2019లో ఆమె తల్లికి పరిహారం ఇప్పించింది. ఒక తలుపు మూసినా పక్క కిటికీ తెరిచి ఉండవచ్చన్నమాట.

ఆఫ్రికన్ యూనియన్‌లోని 55 దేశాల్లో 40కి పైగా ఇప్పటికి ధ్రువీకరించాయి. ఈజిప్టు, మొరాకో సంతకమే పెట్టలేదు. నైజర్ ప్రభుత్వం 2006లో పార్లమెంటు ముందు పెడితే సభ్యులు ఓడించారు. ఈ లెక్క చూసి ఫర్వాలేదనుకోవడం తొందరపాటే, ఎందుకంటే ధ్రువీకరణ తర్వాత అసలు మలుపు ఒకటుంది. ఆ మలుపు ఎలా తిరుగుతుందన్నది ఆ దేశాన్ని ఒకప్పుడు ఏలింది ఎవరన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. ఫ్రెంచివాళ్లు, బెల్జియంవాళ్లు పాలించి వెళ్లిన దేశాల్లో సాధారణంగా ధ్రువీకరించిన ఒప్పందం గెజిట్‌లో అచ్చయితే చాలు, అది దేశపు చట్టమే, మామూలు చట్టాల కంటే పైది కూడా. ఇంగ్లీషువాళ్లు పాలించిన చోట అలా కాదు, పార్లమెంటు మళ్లీ విడిగా ఒక చట్టం చేస్తే గాని కోర్టులో పట్టుగా వాడుకోలేరు. కెన్యా లాంటి కొన్ని దేశాలు కొత్త రాజ్యాంగాలతో ఈ పద్ధతి మార్చుకున్నాయి.

మన దేశానిదీ ఇంగ్లీషు దారే. అయినా దారి మధ్యలో అడ్డుదారులుంటాయి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద మనకు చట్టం లేని రోజుల్లో, భారత్ 1993లో ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని ఆధారం చేసుకునే 1997లో సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు చట్టం 2013లో గాని రాలేదు. మధ్యలో పదహారేళ్లు ఉద్యోగినులను కాపాడింది ఆ అడ్డుదారే.

గెజిట్ మహిమ తెలియాలంటే కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం చూడాలి. ఆ దేశం ప్రోటోకాల్‌ను 2008లో ధ్రువీకరించింది. గెజిట్‌లో అచ్చువేయడం మాత్రం 2018లో. దాదాపు పదేళ్లు ఆ కాగితం ఉండీ లేనట్టే. అచ్చయిన కొద్ది వారాలకే రాజ్యాంగ న్యాయస్థానం అధ్యక్షుడు న్యాయమూర్తులకు ఒక సర్క్యులర్ పంపాడు: గర్భస్రావం విషయంలో శిక్షాస్మృతి చెప్పినది కాదు, ప్రోటోకాల్ 14వ అధికరణం చెప్పినది పాటించండి అని. తూర్పు కాంగోలో దశాబ్దాలుగా అత్యాచారం యుద్ధాయుధంగా వాడుకలో ఉంది. అలాంటి దేశంలో ఒక గెజిట్ అచ్చు కోసం పదేళ్లు ఆగవలసి రావడం తలచుకుంటే కోపమొస్తుంది.

మాలి కథ ఇంకోలా నడిచింది, కాస్త నిదానంగా చెప్పుకోవాలి. మాలి 2005లోనే ప్రోటోకాల్‌ను ధ్రువీకరించింది. దానికి తగినట్టు 2009 ఆగస్టులో పార్లమెంటు ఒక కొత్త కుటుంబ చట్టాన్ని ఆమోదించింది. ఆడపిల్లకు పెళ్లివయసు 18, ఆస్తిలో సమానత, భార్య భర్తకు విధేయురాలై ఉండాలన్న పాత వాక్యం తొలగింపు, అన్నీ ఉన్నాయి అందులో. వెంటనే బమాకోలో అలజడి మొదలైంది. ఇస్లామిక్ ఉన్నత మండలి పిలుపుతో వేలాదిమంది స్టేడియంలో పోగయ్యారు. అధ్యక్షుడు అమదు తుమాని తూరే సంతకం పెట్టకుండా చట్టాన్ని పార్లమెంటుకు తిప్పి పంపాడు. 2011 డిసెంబర్‌లో మళ్లీ వచ్చిన చట్టం వేరే చట్టం. ఆడపిల్లకు 16, మగపిల్లవాడికి 18. ప్రత్యేక అనుమతి దొరికితే ఆడపిల్లకు 15కే పెళ్లి చేయవచ్చు. పెళ్లి జరిపించే మతపెద్ద అమ్మాయి ఇష్టపడిందో లేదో సరిచూసుకోకపోయినా శిక్ష లేదు. చనిపోయినవాడు వీలునామా రాసి ఉంటే తప్ప ఆస్తి పంపకం మతాచారం, కులాచారం ప్రకారమే.

మాలి మహిళా సంఘం ఒకటి, గాంబియా కేంద్రంగా పనిచేసే ఒక హక్కుల సంస్థ కలిసి ఆరూషాకు వెళ్లాయి. టాంజానియాలోని ఆ ఊళ్లోనే ఆఫ్రికా మానవ, ప్రజా హక్కుల న్యాయస్థానం ఉంది. మాలి ప్రభుత్వం దాచుకోకుండా ఒక మాట చెప్పింది: మొదటి చట్టం తెస్తే దేశం తగలబడేలా ఉంది, జనం ఒత్తిడికి గత్యంతరం లేక తలొగ్గాం, ఇప్పటిది మా సమాజపు వాస్తవాలకు సరిపడే చట్టం. ఎంతో కొంత నిజమున్న వాదనే. ఏ ప్రభుత్వానికైనా స్టేడియం నిండిన జనాన్ని చూస్తే కాళ్లు వణుకుతాయి. కోర్టు మాత్రం 2018 మే 11న తీర్పు చెబుతూ ఆ వాదనను ఒప్పుకోలేదు. మాట ఇచ్చిన దేశం జనం కేకలు వేశారని మాట తప్పడానికి వీల్లేదంది. పెళ్లివయసు, సమ్మతి, వారసత్వం మూడింటిలోనూ మాలి ప్రోటోకాల్‌ను ఉల్లంఘించిందని, చట్టం మార్చాలని ఆదేశించింది. అబుజా తీర్పు ప్రాంతీయ కోర్టుది. ఖండానికంతటికీ పెద్దదైన కోర్టు ప్రోటోకాల్ కింద ఒక దేశాన్ని తప్పుపట్టడం ఇదే మొదలు.

తర్వాత మాలిలో తిరుగుబాట్లు జరిగాయి, సైనికులు గద్దెనెక్కారు. తీర్పు వచ్చి ఏళ్లు గడిచినా ఆ కుటుంబ చట్టం అలాగే ఉంది. ఆరూషా కోర్టుకు పోలీసులు లేరు. దాని మాట వినేలా చేయాల్సింది తోటి దేశాధినేతలే. వాళ్లకు ఒకరి తప్పు ఇంకొకరు ఎత్తిచూపే అలవాటు తక్కువ.

అయితే అన్ని తీర్పులూ అలా అటకెక్కలేదు. సియెరా లియోన్‌లో ఎబోలా తగ్గి 2015లో బడులు తెరిచినప్పుడు, కడుపుతో ఉన్నట్టు కనిపించే ఆడపిల్లలు మామూలు బడికి రాకూడదని, పరీక్షలు రాయకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. వాళ్లకోసం విడిగా పెట్టిన బడులు వారానికి మూడు రోజులే, చెప్పే సబ్జెక్టులూ కొన్నే. ఆ గర్భాల్లో చాలావాటి వెనక అత్యాచారం ఉందని అందరికీ తెలుసు. తప్పు చేసినవాడు బడికి వెళ్తాడు, కడుపు కనిపించే పిల్ల ఇంట్లో ఉంటుంది. 2019 డిసెంబర్ 12న ఎకోవాస్ కోర్టు ఇది వివక్ష అని, నిషేధం ఎత్తేయాలని చెప్పింది. మూడున్నర నెలల్లో, 2020 మార్చి చివరన, ప్రభుత్వం ఎత్తేసింది. అదే దేశం 2024లో బాల్యవివాహాలను పూర్తిగా నిషేధిస్తూ, పెళ్లి చేసుకున్న మగవాడికే కాక జరిపించినవాళ్లకూ శిక్ష పడేలా చట్టం తెచ్చింది. జింబాబ్వేలో ఒకప్పటి ఇద్దరు బాలవధువులు 2016లో తమ దేశ రాజ్యాంగ న్యాయస్థానం చేతే ఆడపిల్లకు 16 ఏళ్ల పెళ్లివయసును కొట్టేయించారు. ఇంట్లో కోర్టు గట్టిగా ఉంటే ఆరూషా దాకా పోనక్కర్లేదు.

పోవాలనుకున్నా దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి, ఇది పత్రికల్లో తక్కువగా కనిపించే సంగతి. ఒక సామాన్య వ్యక్తి ఆరూషా కోర్టులో తన దేశంపై నేరుగా కేసు వేయాలంటే ఆ దేశం ముందే ప్రత్యేకంగా అనుమతిస్తూ ప్రకటన ఇచ్చి ఉండాలి. ఇచ్చినవే కొద్ది దేశాలు. వాటిలో రువాండా 2016లో, టాంజానియా 2019లో, బెనిన్, ఐవరీ కోస్ట్ 2020లో ఆ అనుమతిని వెనక్కి తీసుకున్నాయి. ఏ దేశమూ స్త్రీల కేసుల వల్ల అని చెప్పలేదు, రాజకీయ ప్రత్యర్థుల కేసుల చికాకే ఎక్కువ. నష్టపోయేవాళ్లలో స్త్రీలూ ఉన్నారు.

పశ్చిమాన ఇంకా పెద్ద తలుపే మూతపడింది. నైజర్‌లో ఒక అమ్మాయిని 12 ఏళ్ల వయసులో 2,40,000 సీఎఫ్ఏ ఫ్రాంకులకు ఒకడికి అమ్మేశారు. భార్యలకు సేవ చేయడానికి కొనుక్కునే బానిస స్త్రీ అన్న హోదా ఆమెది. ఏళ్ల తర్వాత విడుదలై, ఇష్టపడ్డవాణ్ణి పెళ్లి చేసుకుంటే, పాత యజమాని ఆమె తన భార్యేనన్నాడు. దేశపు కోర్టు ఆమెనే రెండు పెళ్లిళ్ల నేరం కింద జైలుకు పంపింది. 2008 అక్టోబర్ 27న ఎకోవాస్ కోర్టు నైజర్ ప్రభుత్వం ఆమెను బానిసత్వం నుంచి కాపాడలేదని తేల్చి కోటి ఫ్రాంకులు ఇప్పించింది. నైజర్ మపుటో ప్రోటోకాల్‌ను ఒప్పుకోకపోయినా ఆ కోర్టు ఉంది కాబట్టి ఆమెకు న్యాయం దక్కింది. 2025 జనవరిలో నైజర్, మాలి, బుర్కినా ఫాసో మూడూ ఎకోవాస్ నుంచి బయటికి వెళ్లిపోయాయి. ఇవాళ అలాంటి మరో అమ్మాయికి ఆ కోర్టు గుమ్మం అందదు.

ఇదే సమయంలో కొత్త కాగితాలు కూడా పుడుతున్నాయి. స్త్రీలు, బాలికలపై హింసను అంతమొందించడం కోసమే ఒక ప్రత్యేక ఒప్పందాన్ని 2025 ఫిబ్రవరిలో అడిస్ అబాబాలో ఆఫ్రికన్ యూనియన్ ఆమోదించింది. మళ్లీ సంతకాలు, మళ్లీ ధ్రువీకరణలు, మళ్లీ మినహాయింపులు. ఉన్న ప్రోటోకాల్ కింద దేశాలు రెండేళ్లకోసారి పంపాల్సిన నివేదికలే సరిగా రావడం లేదు, ఇంకో ఒప్పందం ఎందుకని విసుగు పుట్టడం సహజం. కానీ దక్షిణాసియావాళ్లం ఆ విసుగు పడేముందు ఒకసారి మన చుట్టూ చూసుకోవాలి. సార్క్ దేశాలకు స్త్రీల విషయంలో ఉన్నది 2002లో ఖాట్మండులో కుదిరిన ఒప్పందం ఒక్కటే, అదీ వ్యభిచారం కోసం స్త్రీలను, పిల్లలను తరలించడం గురించి. స్త్రీల వారసత్వం, పెళ్లి, ఆరోగ్యం గురించి ఉమ్మడిగా అలాంటి ఒప్పందమేదీ రాసుకోలేదు. పౌరురాలు తన దేశం మీద ఫిర్యాదు చేయగల ప్రాంతీయ కోర్టు లేదు. విదేశీ సరుకని ఎగతాళి చేయడానికి కూడా మన దగ్గర అలాంటి పత్రం లేదు.

విదేశీ సరుకు అన్న మాట ఆఫ్రికాలో ఇప్పటికీ బాగా చెల్లుబాటయ్యే మాట. అది ఎంత దూరం పోగలదో గాంబియాలో చూడవచ్చు. ఆ చిన్న దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు నలుగురిలో ముగ్గురికి చిన్నప్పుడే జననాంగ ఖండన జరిగింది. ప్రపంచంలో ఇలాంటి స్త్రీలు 23 కోట్లకు పైనే ఉన్నారని, వారిలో 14 కోట్లకు పైగా ఆఫ్రికాలోనే ఉన్నారని యూనిసెఫ్ 2024లో లెక్క చెప్పింది. గాంబియాలో నిషేధం తెచ్చింది ప్రజాస్వామ్యం కాదు, యాహ్యా జామే అనే నియంత. 2015 చివర్లో ఒకరోజు ప్రకటించాడు, డిసెంబర్‌లో చట్టమైంది. జనం నోరెత్తలేదు, కోత మానలేదు. జామే గద్దె దిగాక కూడా చాలా ఏళ్లు ఆ చట్టం కింద ఒక్కరికీ శిక్ష పడలేదు. 2023 ఆగస్టులో మొదటిసారి ముగ్గురు స్త్రీలకు జరిమానా వేశారు, ఏడాది కూడా నిండని పసిపిల్లలను కోసినందుకు. ఒక ప్రముఖ ఇమామ్ ముందుకొచ్చి ఆ జరిమానా కట్టించాడు. అక్కడినుంచి గాలి మారింది.

2024 మార్చిలో నిషేధాన్ని ఎత్తేసే బిల్లు పార్లమెంటులోకి వచ్చింది. మతానికీ సంస్కృతికీ విధేయంగా ఉండాలన్నది ప్రతిపాదించిన సభ్యుడి వాదన. బిల్లును తర్వాతి దశకు పంపాలా అన్న ఓటింగులో 42 మంది అవునన్నారు, నలుగురే కాదన్నారు. అది గెలిస్తే ఈ నిషేధాన్ని వెనక్కి తీసుకున్న మొదటి దేశం గాంబియా అయ్యేది. ఖండపు మానవ హక్కుల కమిషన్ కార్యాలయం ఉన్నది అదే దేశ రాజధాని బాంజుల్‌లో, అదొక విడ్డూరం. తర్వాతి నాలుగు నెలల్లో కమిటీ డాక్టర్లను, మతపెద్దలను, బాధితులను పిలిచి విన్నది. చిన్నప్పుడు తమకు జరిగినదాన్ని స్త్రీలు మైకు ముందు చెప్పారు. ప్రసవాల్లో రక్తస్రావాల గురించి, మొదటి రాత్రి నొప్పి గురించి, తల్లులు తమ తల్లులతో కూడా మాట్లాడుకోని విషయాలవి. 2024 జూలై 15న బిల్లులోని క్లాజులన్నీ ఓడిపోయాయి. నిషేధం నిలిచింది. నియంత మాటగా వచ్చిన చట్టం, తొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి దేశం చర్చించి ఒప్పుకున్న చట్టమైంది.

అంతటితో అయిపోలేదు. నిషేధం రాజ్యాంగం ఇచ్చిన మతస్వేచ్ఛకు విరుద్ధమంటూ దాని వ్యతిరేకులు గాంబియా సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇక్కడ పాత కాగితాలు రెండు గుర్తుపెట్టుకోవాలి. మపుటో ప్రోటోకాల్‌ను ధ్రువీకరించినప్పుడు గాంబియా కొన్ని మినహాయింపులు రాసుకుంది, 2006లో వాటిని తనంతట తానే తీసేసింది. జననాంగ ఖండనను నిషేధించాలన్న 5వ అధికరణం ఆ దేశానికి ఏ షరతూ లేకుండా వర్తిస్తుంది. రెండోది, సామాన్యులు నేరుగా ఆరూషా కోర్టుకు వెళ్లడానికి అనుమతిస్తూ ప్రకటన ఇచ్చిన కొద్ది దేశాల్లో గాంబియా కూడా ఒకటి. బాంజుల్‌లో సుప్రీంకోర్టు చట్టాన్ని కొట్టేసినా, ఒక గాంబియా స్త్రీ ఆ రెండు కాగితాలు పట్టుకుని తన దేశాన్ని ఆరూషాలో నిలబెట్టవచ్చు. ఆ అనుమతిని కూడా ప్రభుత్వం వెనక్కి తీసుకోనంత కాలం.